ప్రభువు బల్ల దగ్గర నా లోటా

ఆ రోజు బడిలో సృష్టి పాఠం చెబుతున్నాను. నల్లబల్ల మీద రాస్తూండగా దగ్గు తెర వచ్చింది. చెంగు అడ్డం పెట్టుకుని దగ్గి, తీసి చూస్తే ఎర్రగా ఉంది. ఒంట్లో బాగాలేదని పిల్లల్ని ఇళ్లకు పంపేశాను. చెంగు సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవడానికి ఎవరున్నారు గనక.

మాది గురజాల దగ్గర పల్లె. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోతే, మిషన్ బడిలో టీచరుగా చేరి ఆ పక్క గదిలోనే ఉండేదాన్ని. మా సంఘం పాస్టరు దానియేలుగారికీ నాకూ పడేది కాదు. ఊరి చుట్టూ నాపరాళ్ల గనులు, పొర మీద పొర. ఇవి ఏర్పడడానికి యుగాలు పట్టి ఉంటుందనీ, దేవుడు ఆరు రోజుల్లో లోకాన్ని చేశాడని చెప్పే బైబిలు సృష్టి అధ్యాయంలో రోజంటే మన రోజు కాకపోవచ్చనీ పిల్లలకు చెప్పాను. మరుసటి ఆదివారం ప్రసంగంలో ఆయన నా పేరెత్తకుండా నన్ను కడిగిపారేశారు. ఆయన తిరునాళ్లలో తప్పెట కొట్టించి, విగ్రహాలను తిడుతూ సువార్త చెప్పేవారు. ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు కుట్టుపని నేర్పుతూ నాలుగు మంచి మాటలు చెబితే చాలదా అనేదాన్ని నేను. ఆఖరికి, ప్రభువు కడపటి భోజనం గుర్తుగా సంఘమంతా కలిసి రసం తాగే ప్రభువు బల్ల దగ్గరా తగువే. ఎండుద్రాక్ష రసం పోసిన ఒకే గిన్నె అందరి నోళ్ల మీదుగా తిరిగేది. పట్నంలోలాగా చిన్న గ్లాసులు పెడదామన్నాను.

"ప్రభువు ఇచ్చింది ఒక్క గిన్నె టీచరమ్మా. దాన్ని ముక్కలు చెయ్యమాక," అన్నారు.

సాయంకాలం జ్వరం, తెల్లారేసరికి చెమటలు. పాఠం చెప్పే ఊపిరి కూడా లేకుండా పోయాక రైలెక్కి మిషన్ ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరమ్మ మెత్తగా మాట్లాడే మనిషి కాదు.

"స్ప్యూటమ్ పాజిటివ్. ఎక్స్‌రేలో కుడి లంగ్‌లో కావిటీ ఉంది, గుంట పడింది. టీబీ," అన్నది.

"బతుకుతానా అమ్మా?"

"దీనికి మందు లేదు. కదలకుండా పడుకుంటే బతకొచ్చు. ఎక్కువ మాట్లాడకు. నీ గ్లాసు, నీ పళ్లెం ఎవ్వరికీ ఇవ్వకు."

వరండాలో వరసగా మంచాలు. ఏపీ అనే గాలి వైద్యం మొదలుపెట్టారు. పక్కటెముకల మధ్య సూది గుచ్చి గాలి ఎక్కిస్తే, జబ్బు లంగ్ ముడుచుకుని విశ్రాంతి తీసుకుంటుందట. కొన్నాళ్లకోసారి మళ్లీ గాలి నింపడం, దాన్ని రీఫిల్ అనేవారు. సూది కంటే ఎదురుచూపు ఎక్కువ బాధపెట్టేది. మా అన్న ఒక్కసారి వచ్చాడు, గేటు దగ్గర నిలబడి గొడుగు ఊపి వెళ్లాడు. నాపరాళ్ల విషయంలో నాదే న్యాయం అన్నవాళ్లు ఒక్కరూ రాలేదు. పక్క మంచం మీది ఆమె పోయినప్పుడు, ఆమె పరుపును ఎండలో వేస్తుంటే గోడవైపు తిరిగి ఏడ్చాను.

అప్పుడు వచ్చారు దానియేలుగారు, ఊక పోసిన బుట్టలో గుడ్లు పెట్టుకుని. ఎడంగా బల్ల లాక్కుని కూర్చున్నారు.

"ఏంది టీచరమ్మా, మాట్లాడొద్దన్నారంటగా. మంచిదే. ఇయ్యాలన్నా నేను చెప్పేది వింటావు," అన్నారు.

సృష్టి అధ్యాయం మొదటినుంచి చివరిదాకా చదివారు. అందులో ఒక్కో రోజు ముగిసినప్పుడల్లా ఆగి నా వంక చూశారు. నేను తల అడ్డంగా ఊపాను. "సరే, గుడ్లు తిను," అని ప్రార్థన చేసి రైలు వేళకు వెళ్లిపోయారు. తర్వాత కూడా అప్పుడప్పుడూ వచ్చేవారు. ఒక రీఫిల్ తర్వాత ఒళ్లు కాలిపోయింది. "లంగ్ చుట్టూ ఫ్లూయిడ్ చేరింది, తియ్యాలి," అన్నది డాక్టరమ్మ. ఆ వారం ఆయన వచ్చినా వాదించలేదు. అది చూసి నాకు భయమేసింది.

కఫంలో పురుగు కనబడక స్ప్యూటమ్ నెగెటివ్ అయ్యాక ఇంటికి పంపారు. "రీఫిల్స్ మానకు. జబ్బు తిరగబెట్టొచ్చు. గ్లాసు వేరుగానే ఉండాలి," అన్నది డాక్టరమ్మ.

ఆసుపత్రిలో ఒంటరితనం ఒక లెక్క, ఊళ్లోది ఇంకో లెక్క. పక్కింటి మరియమ్మత్త అన్నం తెచ్చి అరుగు మీద పెట్టి, నేను తలుపు తీసేలోపే వెళ్లిపోయేది. మా ప్రార్థన గుడిలో, ఎవరికీ అంటకూడదని నేనే తలుపు దగ్గర కూర్చున్నాను. బల్ల ఆదివారం గిన్నె నా దాకా వస్తే వద్దని తల ఊపాను. అక్కడే చిక్కొచ్చింది. మా సంఘంలో తప్పు చేసినవాళ్లను బల్లకు దూరంగా తలుపు దగ్గర కూర్చోబెడతారు. రోజుల గురించి అట్టా చెప్పినందుకు దేవుడు రొమ్ము మీద కొట్టాడనీ, పాస్టరుగారు వెలేశారనీ ఊరంతా అనుకుంది. నాకు మిగిలిందల్లా ఆ బల్ల దగ్గర చోటు. అదీ పోయిందనుకున్నాను.

మరియమ్మత్త నోటినుంచే ఈ మాట దానియేలుగారి చెవిన పడింది. ఆదివారం లేచి, "ఈసారి బల్లకు ఎవురి లోటా వాళ్లు తెచ్చుకోండి," అని కూర్చున్నారు. ఎందుకో చెప్పలేదు.

బల్ల ఆదివారం వచ్చింది, గుడి నిండా లోటాలే. ఇత్తడివి, సత్తువి, ఒకరిద్దరివి మట్టి ముంతలు. సంఘపెద్ద యాకోబు లేచాడు.

"ఒక్క గిన్నె అని మాకు నేర్పింది మీరే గదా అయ్యగారూ. ఇప్పుడిదేంది?"

"నేనే నేర్పాను. ఇప్పటికీ అదే మంచిదంటాను. దేవుడు ఆరు రోజుల్లోనే చేశాడనీ అంటాను. టీచరమ్మ కాదంటది. అది మేం తేల్చుకుంటాం. పురుగు తెచ్చిన జబ్బును దేవుడి మీదకు తొయ్యమాకండి. ఆ పిల్ల ఒక్కతే వేరే లోటాతో తాగటం నేను చూడలేను."

యాకోబు లోటా తీసుకుని బయటకు నడిచాడు. ఎవరూ ఆపలేదు. దానియేలుగారు గిన్నె పట్టుకుని తిన్నగా తలుపు దగ్గరకొచ్చి మొదట నా లోటాలో వంచారు. ఆ ఒక్క గిన్నె ఆయనకెంత ముఖ్యమో నాకు తెలుసు. అందరి లోటాల్లో రసం పడేదాకా ఆగి, వాళ్లతోపాటే తాగాను.

ఇప్పుడు చెట్టు కింద చిన్నపిల్లలకు అక్షరాలు చెబుతున్నాను. మెట్లెక్కితే ఆయాసం. రీఫిల్స్ ఇంకా సాగుతున్నాయి. చాలా పూటలు ఒక్కదాన్నే తింటాను. నాపరాళ్ల మీద నా మాట మారలేదు, మొన్న ప్రసంగంలో ఆయన మళ్లీ నన్ను కడిగారు. యాకోబు తిరిగి వచ్చాడు గానీ నాతో మాట్లాడడు.

మీ ఇంట్లో ఈ జబ్బు మనిషి ఉంటే గ్లాసు వేరుగా పెట్టండి, మరిగే నీళ్లతో కడగండి. కానీ ఆ మనిషి తాగే వేళకు మీ గ్లాసు మీరు తెచ్చుకుని, కాస్త ఎడంగా, ఎదురుగా కూర్చుని మీరూ తాగండి.