కటౌట్ కింది రంగు

ముందే ఒప్పుకుంటున్న, ఉన్నదాన్ని ఉన్నంతగా చెప్పడం నాకు చేతకాదు. తేలు కుట్టిందని చెప్పాల్సి వస్తే ఆ తేలు మేకపిల్లంత ఉండెనని చెప్తా. బండ్ల కరెంటు పనిలో ముప్పై ఏండ్లు గడిపిన. ఆ ముప్పై ఏండ్లూ మా ఇంటామె నా మాటల్ని నాలుగో వంతుకు కోసుకొని వింటున్నది. మీరూ అట్లనే చదవండి. ఎక్కడన్న లేనిదాన్ని పుట్టిస్తే మాత్రం ఆఖరికి నేనే చెప్పేస్తా.

1969 జనవరి ఆఖరు. చేవెళ్ళలో బస్సులు ఆగే చోట నా రేకుల దుకాణం. అప్పుడు నాకు పాతికేండ్లు, చేతిలో పని కొంచెం, నోట్లో పని ఎక్కువ. ఇక్కడి కొలువులు ఇక్కడోళ్ళకే దక్కాలని ఊరూరా లేచిన రోజులవి. చేవెళ్ళ సడక్ మీద ఊరేగింపు పోతే అందులో నా గొంతు మొయినాబాద్ దాకా వినబడేది, అక్కడి కోళ్ళు గుడ్లు పెట్టడం మానేసినయి. దుకాణం కన్నా సడక్ మీదనే ఎక్కువుంటి.

అట్లాంటి ఒక పొద్దున సురంగల్ ద్రాక్షతోట నుంచి కబురొచ్చింది, ట్రాక్టర్ ఛార్జింగ్ ఎక్కుతలేదని. ఆ తోట సార్ కృష్ణా నది అవతలి నుంచి వచ్చి, అయిదారేండ్ల కింద ఇక్కడ భూమి కొని ద్రాక్ష పెట్టిండు. ఆయన మీసాల మీద రెండు పిచ్చుకలు కాపురం పెట్టొచ్చు. ట్రాక్టర్ మాత్రం చిన్నది, ద్రాక్ష పందిళ్ళ కింద దూరి పోవాలని విలాయత్ నుంచి దింపిన పాత తోట బండి. మందు కొట్టాలన్నా, మట్టి తిప్పాలన్నా అదే. గుత్తులు పట్టిన సమయంలో రెండు తడవలు మందు తప్పితే బూడిద తెగులు తోటను నాకేస్తది.

దాన్ని నడిపేది దావీదన్న. చిన్న మంగళారం మనిషి, నలభై దాటినయి. వాళ్ళ వాడలో నెలకింతని జీతం తెచ్చే కొలువు ఆయనొక్కనిదే. ఇంట్లో నలుగురు పిల్లలు. బ్యాటరీ చచ్చిపోతుంటే హ్యాండిల్ తిప్పి బండిని లేపుతున్నడు. ఆ హ్యాండిల్ ఎదురు తన్ని మణికట్టు సొరకాయంత వాచింది.

"ఎప్పటి నుంచి అన్నా గిట్ల?"

"క్రిస్మస్ దాటినంక తమ్మీ. అంతకు ముందు సూది లెక్క నడిచింది."

"క్రిస్మస్‌కు ఏం చేసినవ్ దీన్ని?"

"పాటలు పాడుకుంట ఊళ్ళె తిరిగేందుకు ట్రాలీ కట్టినం కద, అందుకని రంగేసిన. మీద మీద పూసుడు నాకు నచ్చది. డబ్బాలన్ని ఇప్పి, వాటి కింద గూడ రెండు పూతలు వేసిన. చూడు, ఎక్కడన్న గీత ఉన్నదా?"

"లేదన్నా, పెండ్లికొడుకు లెక్క ఉన్నది" అని నవ్విన.

పనితనం తెలిసినోడైతే అక్కడే ఆగాలి. రోగి నోరు తెరిచి రోగం పేరు చెప్పిండు. డాక్టర్ పెండ్లి ముచ్చట పెట్టిండు.

బండిలో కరెంటు సంగతి సులువే. ఇంజిన్ తిరిగితే డైనమో కరెంటు పుట్టిస్తది. ఆ కరెంటును బ్యాటరీకి వదలాలా, ఆపాలా అని తేల్చేది కటౌట్ అనే నల్ల డబ్బా. బ్యాటరీ తింటున్నదా, పస్తుంటున్నదా చూపెట్టేది అమ్మీటర్. ముల్లు ప్లస్ వైపు పోతే తింటున్నట్టు, మైనస్ వైపు పోతే పస్తు. ఈ బండి ముల్లు మైనస్ దిక్కు మొగం పెట్టి, అలిగిన అత్త లెక్క కదలలేదు.

మొదటిసారి బ్యాటరీ పరీక్షించిన, నీళ్ళు పోసిన, నేను ఛార్జి పెట్టి తెచ్చిచ్చిన. నాలుగు రోజులకు మళ్ళీ చచ్చింది. రెండోసారికి బస్సులు బంద్. సైకిల్ మీద పోయిన, అరవై మైళ్ళ దారి, మధ్యలో మూడు ఎడారులు. డైనమో ఇప్పి బ్రష్‌లు మార్చిన. నేరుగా బ్యాటరీకి కలిపితే మోటర్ లెక్క గిర్రున తిరిగింది, అంటే అది మంచిదే. మళ్ళీ బిగిస్తే ముల్లు అక్కడనే. మూడోసారికి పట్నం పోయి, సగం షట్టర్ దించుకున్న దుకాణం నుంచి కొత్త కటౌట్ పట్టుకొచ్చిన. పాతదాన్ని పీకి, సరిగ్గా అదే జాగాలో కొత్తది పెట్టిన. దావీదన్న బండి లేపిండు. ముల్లు మైనస్.

తోట సార్ పందిరి గుంజకు ఆనుకొని చూస్తున్నడు. ఆ వారమే ఎవరో ఆయన గేటు మీద బొగ్గుతో, వచ్చిన తొవ్వ పట్టమని రాసి పోయిన్రు. మొయినాబాద్ దగ్గర ఆయన జీపు మీద రాయి పడ్డది. మనిషి సరిగ్గా నిద్రపోతలేడని కండ్లు చెప్తున్నయి.

"ఏమయ్యా మిస్త్రీ, బ్యాటరీ బాగుంది, డైనమో బాగుంది, కటౌట్ కొత్తది. మరేంటయ్యా దీని జబ్బు?"

"అదే చూస్తున్న సార్."

"ఎవరన్నా కావాలని చేస్తున్నారా? రోజులు అలాంటివి. ఉన్నది చెప్పు."

నాకు తెలియదు అనే మాట అప్పటికి నా నాలుకకు అలవాటు లేదు. చేవెళ్ళ తాలూకాలో నా అంత మిస్త్రీ లేడని నేనే చాటింపు వేసుకుంటి. మూడుసార్లొచ్చి ఓడిపోయిన మొగం ఎక్కడ పెట్టుకోవాలె?

"కావచ్చు సార్. నేను చేసిపోయినంక మళ్ళ చెడుతున్నదంటే… రోజు బండిని ఎవరు ముడుతరో మీకే తెల్వాలె."

పానాలు పట్టుకొని పక్కనే నిలబడ్డడు దావీదన్న.

"తమ్మీ, గదేం మాట?" అన్నడు, అంతే.

సార్ ఆయన దిక్కు తిరిగిండు. "దావీదూ, రేపట్నించి రాకు."

"సార్, ఈ బండిని నా బిడ్డ లెక్క…"

"నీమీద నాకు కోపం లేదు. భయంగా ఉంది. రాకు."

దావీదన్న పానాలను ఒక్కొక్కటి గుడ్డతో తుడిచి, సైజు ప్రకారం పెట్టెలో పెట్టిండు. పోతూ పోతూ వెనక్కి తిరిగి, "సార్, కటౌట్ నట్లు రెండు లూజున్నయి. బిగించి పోతనా? ఊసిపోతయి" అని అడిగిండు. సార్ వద్దన్నడు.

నేను సైకిలెక్కి చేవెళ్ళకొచ్చి, ఇక్కడి కొలువులు ఇక్కడోళ్ళకే అని మొయినాబాద్ దాకా వినబడేటట్టు అరిచిన.

పది రోజులకు మళ్ళీ పిలుపు. సార్ సొంతూరు నుంచి తెప్పించిన కొత్త డ్రైవర్ ఉన్నడు. బండి రోగం అట్లనే ఉన్నది. ఇంజిన్ నడుస్తుండంగనే ఆ లూజు నట్లు బిగిద్దామని వంగిన, చెయ్యి జారి పానా కటౌట్ డబ్బాకు, ఇంజిన్ ఇనుముకు నడుమ అడ్డం పడ్డది. ముల్లు టక్కున ప్లస్‌కు లేచింది. పానా తీస్తే పడిపోయింది. పెడితే లేచింది.

కటౌట్ ఇప్పి చూసిన. కింద ఎర్రటి రంగు, రెండు పూతలు, అద్దంలాగ ఉన్నది, ఒక్క గీత లేదు. కటౌట్ అడుగు బండి ఒంటికి తగలాలి, దాన్నే ఎర్త్ అంటం. అది లేకుంటే డబ్బా పనిచేయదు. డబ్బాకు ఒంటికి నడుమ రంగు గోడ కట్టింది. ఎవరికీ కనబడని చోట కూడా పని సక్కగ చేసినందుకు ఆ మనిషి కొలువు పోయింది. గరుకు కాగితంతో గీకిన, బిగించిన. ముల్లు ప్లస్ వైపు కూర్చున్నది.

సార్ వచ్చిండు. "ఏమైందయ్యా?" నేను చేతులు కట్టుకొని ఉన్నదంతా చెప్పిన. తప్పు రంగుది, అంతకన్నా నాది, దావీదుది కాదని. సార్ మీసాల మీది పిచ్చుకలు ఎగిరిపోయినయి. అప్పటికప్పుడు జీపు చిన్న మంగళారం పోయింది. ఆదివారం చర్చి అయినంక దావీదన్న మళ్ళీ ఆ సీటు మీద కూర్చున్నడు.

ఇగో, నేను పుట్టించింది ఈ ముక్కనే.

సార్ వచ్చింది నిజం, అడిగింది నిజం. నేను గరుకు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకొని, "లోపల వైరొకటి తెగి ఉండె సార్, కట్టిన" అన్న. "కోశాడా?" అన్నడు. "ఏమో సార్" అన్న. ఆయన తల ఊపిండు. జీపు ఎక్కడికీ పోలేదు.

ఆ తర్వాత ఏ బండి ఛార్జింగ్‌కు వచ్చినా ముందు ఎర్త్ గీకి చూస్తా. రోజూ దాన్ని నడిపే మనిషి చెప్పేది నోరు మూసుకొని ఆఖరు దాకా వింటా. పని అట్ల నేర్చుకున్న. ఇంకొకటి నేర్చుకోవాల్సి ఉండె, అది ఇప్పటికీ పూర్తిగా రాలేదు.

ఎండాకాలం మొదట్ల చేవెళ్ళలో పెద్ద ఊరేగింపు తీసినం. జనంలో నా పక్కకొకాయన వచ్చి కలిసిండు. చేతులు మోచేతుల దాకా తెల్లగా బండ దుమ్ము. దావీదన్న. షాబాద్ బండల గనిలో కూలికి పోతున్నడట.

"మంచిగున్నవా తమ్మీ? ఆ బండికి ఛార్జింగ్ ఎక్కిందా?"

"ఎక్కిందన్నా."

"మంచిగాయె. ఏముండె మరి? నాకు రాత్రిపూట అదే యాదికొస్తది. ఏం చెడగొట్టిన్నో అని."

ముందర నడుస్తున్న పిల్లగాడు నినాదం అందుకున్నడు. దావీదన్న నా మొగమే చూస్తున్నడు. నేను పిడికిలి ఎత్తి, అందరికన్న గట్టిగ, నినాదానికి జవాబిచ్చిన.