చక్రం కింద నిమ్మకాయ

మా నర్సత్త పోయారన్న సంగతి నాకు ఫ్లెక్సీ చూసి తెలిసింది. అత్తగారి ఊరు విల్లియనూరు నుంచి పుట్టింటికి వస్తుంటే, కోసపాళయంలో మా వీధి మొదట్లో అడ్డంగా కట్టి ఉంది. సంతాపం చెప్పే నాయకుడి మొహం గుమ్మడికాయంత, ఆమెది మూలన నిమ్మకాయంత.

ఆమె మా ఎదురింటావిడ. పిల్లల వార్డులో నర్సు. ప్రాణం మీదికి వచ్చిన బిడ్డను పెద్దాసుపత్రికి తీసుకుపోవాలంటే అంబులెన్సులో వెంట వెళ్ళేది ఆమే. అందరూ త్వరగా పోనిమ్మని గోల పెట్టేవారు. ఆమె వినేవారు కాదు. బిడ్డ మొహానికి సరిపడే మాస్కు ఉందా, సిలిండరు నిండుగా ఉందా అని చూసుకుని, అవతల మంచం సిద్ధమని ఫోనులో తెలుసుకున్నాకే బయలుదేరనిచ్చేవారు. "ఊపిరి నిలబడినాకే బండి కదలాల" అనేది ఆమె మాట.

మా పాపకు ఆయాసం ముదిరిన రోజు మా మామగారు అంబులెన్సు తలుపు దగ్గర కర్పూరం వెలిగించి దిష్టి తీయబోయారు. నర్సత్త దాన్ని కింద పడగొట్టి చెప్పుతో నలిపేశారు.

"ఏందమ్మా, సామి కర్పూరాన్ని తొక్కుతావా?" అన్నారు మామగారు.

"లోపల ఆక్సిజన్ ఉండాది పెద్దాయనా. దిష్టితో పాటు బిడ్డా పోతాది. నిమ్మకాయ కావాలంటే చక్రం కింద పెట్టుకో."

ఎక్కి కూర్చున్న చుట్టాలందర్నీ దింపేసి నన్నొక్కదాన్నే ఉంచారు. దారంతా మాస్కు మీంచి చెయ్యి తీయలేదు, నాతో పలకలేదు. బిడ్డను డాక్టరుకు అప్పగించాక మాత్రం, "ఇప్పుడు ఏడ్చుకో మే. నేను యాడికీ పోను" అన్నారు. పాప ఇప్పుడు బడికి పోతోంది.

వీధికి అడ్డంగా పందిరి వేసేవాళ్ళంటే ఆమెకు ఒళ్ళు మంట. అలాంటి మనిషికి, ఆ ఫ్లెక్సీ వెనకే, సంతాపసభ నడివీధిలో పెట్టారు. నాయకుడు మైకులో ఆమెను ప్రాణదాత అంటున్నాడు. అంతలో సైరన్ మోగింది. అంబులెన్సు వచ్చి ఫ్లెక్సీ ముందు ఆగింది. కిటికీలోంచి చూస్తే లోపల ఒక తల్లి, ఆమె ఒళ్ళో మాస్కు పెట్టిన పసిబిడ్డ.

"తలైవర్ మాట్లాడతా ఉండారు, రెండు నిమిషాలు ఆగమను" అన్నాడు కార్యకర్త, పళ్ళు కుట్టుకుంటూ.

పక్కన పూలమ్మే ఆమె చేతిలోంచి కత్తెర లాక్కుని తాడు కోసేశాను. ఫ్లెక్సీ రోడ్డు మీద పడింది. కుర్చీల్లోవాళ్ళు లేచి కుర్చీలెత్తుకుని గోడలకు అతుక్కున్నారు.

బండి కదిలింది. మూలనున్న అత్త మొహం, నిమ్మకాయంతది, సరిగ్గా చక్రం కిందికి వచ్చింది.