తువ్వాలు కింద చెయ్యి

మాస్టారి చేతిలోంచి విజిల్ జారిపడటం మొదట చూసింది నేనే. మామిడి పూత ఇంకా పూర్తిగా విచ్చుకోని రోజులు, చలి సాయంత్రం, ప్రాక్టీసు జరుగుతోంది. ఆయన విజిల్ నోటి దాకా ఎత్తబోయారు. అది మధ్యలోనే వేళ్లలోంచి జారి మట్టిలో పడింది. నేను తీసి, దుమ్ము దులిపి ఇచ్చాను. "చెమటరా" అన్నారు. అంత చలిలో చెమటేమిటని నాకు తట్టలేదు.

నూజివీడులో ఒక ఫుట్‌బాల్ జట్టు ఉందంటే హనుమాన్ జంక్షన్ దాటాక ఎవరూ నమ్మరు. పుట్టిన ప్రతి మగపిల్లాడికీ క్రికెట్ బ్యాటు కొనిపెట్టే ఊళ్లో ఈ జట్టు నిలబడిందంటే అది ఒక్క మనిషి మొండితనం. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా తండ్రులకూ నేర్పారు, వాళ్ల కొడుకులకూ నేర్పారు. ఆయన రిటైరయ్యాక మామిడి వ్యాపారులం నలుగురం కలిసి క్లబ్బు పెట్టి జట్టును ఆయన చేతికిచ్చాం. జిల్లా లీగులో ఆడుతున్నాం. భార్య పోయాక ఆయనకు ఇల్లంటే పడుకునే చోటు, అంతే. తక్కిన బతుకంతా ఆ గ్రౌండే. నేనూ ఆయన చేతికింద ఎడమవైపు బ్యాక్ ఆడినవాణ్నే. మోకాలు దెబ్బతిన్నాక విస్సన్నపేట రోడ్డులో నాన్న కమీషన్ కొట్టు చూసుకుంటున్నాను.

ఫోన్లలో విదేశీ మ్యాచ్‌లు చూడటం అలవాటయ్యాక మా బావ, అక్కడ కోచ్‌ని పిలిచినట్టే ఆయనకూ 'మేనేజర్' అని పేరు పెట్టాడు. బావ అంటే మా అక్క మొగుడు, క్లబ్బు ప్రెసిడెంటు, కాయలు కొని లారీల్లో ఉత్తరాదికి పంపుతాడు. మొదట్లో ఆ పిలుపులో ముద్దే ఉండేది. ఈ ఏడు అందులో ముల్లు చేరింది.

మ్యాచ్ ఆదివారం, పంచాయితీ సోమవారం. పంచాయితీ మా షెడ్డులోనే. కాయ దిగేదాకా షెడ్డు ఖాళీ కాబట్టి వరిగడ్డి మోపుల మీద, బోర్లించిన ప్లాస్టిక్ ట్రేల మీద అందరూ చేరేవారు. టీ నాది, తిట్లు వాళ్లవి. బావ గొంతు రోడ్డు దాకా వినిపిస్తుంది. ఎరువుల కొట్టాయన మాత్రం పెద్దమనిషి, గొంతు పెంచడు. అండీ అనకుండా ఒక్క మాట మాట్లాడడు. ఆ అండీలతోనే మనిషి చర్మం ఒలిచేస్తాడు.

గుడివాడ మ్యాచ్‌తో మొదలైంది. ఒక గోలు ముందున్నాం, ఆట అయిపోవస్తోంది. మాస్టారు వెనక ఆడే బ్యాక్‌ని బయటికి పిలిచి ఫార్వర్డ్‌ని దింపారు. మూడు నిమిషాల్లో రెండు గోల్స్ తిన్నాం.

"గెలిచే మ్యాచ్‌లో బ్యాక్‌ని తీసేస్తాడంట్రా ఎవడైనా? తోటకి కాపలా ఉన్నవాణ్ని పంపేసి, కాయ కోసేవాణ్ని పిలుచుకున్నాడు మీ మేనేజరు!" అన్నాడు బావ.

"ఆయన లెక్క ఆయనకి ఉంటుంది బావా" అన్నాను. నాకు మాత్రం ఆ లెక్క ఏమిటో తెలిస్తే గదా.

తర్వాత ఏలూరు. హాఫ్ టైమ్‌లో పిల్లలందరూ చుట్టూ చేరి ఏం చెబుతారా అని చూస్తుంటే ఆయన నోరు తెరిచి మళ్లీ మూసుకున్నారు. గోల్‌కీపర్‌ని వాడి నాన్న పేరుతో పిలిచారు. వాడి నాన్న కూడా మాస్టారి దగ్గరే ఆడాడు కాబట్టి అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్లీ అదే పేరుతో పిలిచినప్పుడు ఎవరూ నవ్వలేదు.

తోటల్లోనూ ఆ ఏడు ఏదో తేడా. పూత ఆలస్యమైంది. వచ్చిన పూత మంచుకు నల్లబడి, ముట్టుకుంటే పొడిగా రాలింది. నిలిచిన కాస్త పిందెకూ తామర పురుగు. ఎన్ని మందులు కొట్టినా దాని పని అది చేసుకుపోతూనే ఉంది. పొద్దున తోటలోకి వెళితే రాలిన పిందె కాళ్ల కింద నలుగుతుండేది. రైతులు నా కొట్టుకు వచ్చి కూర్చుని, ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లిపోయేవారు. నాకు ఆ మౌనానికే భయం వేసేది. తిట్టే రైతుకు ఇంకా ఆశ ఉన్నట్టు.

మాస్టారిని వెనకేసుకు రావడానికి నేను ఆ తోటల్నే అడ్డం పెట్టుకున్నాను. "కుర్రాళ్లు సగం మంది తోటల్లో పురుగుమందు కొట్టడానికి పోతన్నారు. ప్రాక్టీసుకి వచ్చేదెవరు? వచ్చినోళ్లకి ఒంట్లో ఓపికేది?" అని వాదించాను.

"తోట పాడైతే మంచు మీద పెడతాం. జట్టు పాడైతే కూడా మంచు మీదే పెట్టమంటావా?" అన్నాడు బావ.

ఎరువుల కొట్టాయన గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అందుకున్నాడు. "నేనొకటి గమనించానండీ. మనం తినే గోల్స్ అన్నీ కుడివైపు నించే వస్తన్నాయండీ. అటు మనవాడు ఒంటరిగా చచ్చిపోతన్నా మాస్టారుగారు అటే చూడరండీ. మొన్న నా అంతటివాణ్ని లైను పక్కన నిలబడి గొంతు చించుకుని అరిచానండీ. తల తిప్పలేదండీ."

అది నిజం. అందరికీ నిజమేనని తెలుసు. నాకూ తెలుసు.

"వీడు ఆడింది ఎడమవైపు కదా" అని బావ నావైపు చెయ్యి చూపించాడు. "మేనేజరుకి ఆ ప్రేమ ఇంకా పోలేదు. గ్రౌండు సగమే ఉందనుకుంటన్నాడు."

షెడ్డంతా గొల్లుమంది. నాకు ఒళ్లు మండి టీ గ్లాసులు గబగబా ఏరుకుని లోపలికి వెళ్లిపోయాను.

కోపం వాళ్ల మీదే కాదు, నాకు ఆయన మీదా వచ్చేది. అవే తప్పులు మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తారు? బస్సెక్కేటప్పుడు కుడి భుజం తలుపుకు కొట్టుకునేవారు. దిగేటప్పుడు మళ్లీ అదే భుజం. మా షెడ్డులో రెండుసార్లు టీ గ్లాసు జారవిడిచారు. "నీ గ్లాసులు పల్చగా ఉన్నాయిరా" అన్నారు. విజిల్ గట్టిగా ఊదటం లేదని, కుర్రాళ్లకు ఆయనంటే భయం పోయిందని క్లబ్బు వాట్సాప్ గ్రూపులో ఎవరో వీడియో కూడా పెట్టారు. దాని కింద నవ్వే బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి. మాస్టారు కూడా ఆ గ్రూపులో ఉన్నారని ఎవరికీ గుర్తున్నట్టు లేదు. నేను ఆ రోజంతా ఫోన్ పట్టుకుని, ఆయన చూశారా లేదా అని నలిగిపోయాను. మర్నాడు కనిపించినప్పుడు ఆయన దాని ఊసే ఎత్తలేదు.

ఏప్రిల్లో చివరి మ్యాచ్ మా గ్రౌండులోనే. గెలిస్తే లీగులో ఉంటాం, ఓడితే కింది డివిజనుకు పోతాం. వడగాలికి గ్రౌండంతా ఎర్రదుమ్ము లేచింది. ఓడిపోయాం. మూడు గోల్సూ కుడివైపు నించే. జనం తిట్టను కూడా తిట్టలేదు. బళ్లు స్టార్టు చేసుకుని పోయారు.

మాస్టారు లైను పక్కనే నిలబడి ఉన్నారు. నేను ఆయన కుడిపక్కగా వెళ్లి, "ఇక పదండి మాస్టారూ, ఎండ" అన్నాను. పలకలేదు. కోపంలో ఉన్నారనుకుని పక్కనే నిలబడ్డాను. చాలాసేపు ఇద్దరం అలాగే ఉన్నాం. చివరికి నేను నాలుగడుగులు వేసి ఆయన ఎదురుగా వచ్చేసరికి ఆయన ఉలిక్కిపడి ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎప్పుడొచ్చావురా?" అన్నారు.

ఆ ప్రశ్న ఇంటికి వచ్చాక కూడా నా చెవిలోంచి పోలేదు. భయమేసింది. దేనికో తెలియదు. అవమానంతో మనిషి అలా అయిపోయాడని, జట్టు తీసేసుకుంటే ఇక బతకడని, నాకు తోచిన కారణం నేను చెప్పుకున్నాను.

తేల్చేయాలని బావ మర్నాటి పంచాయితీకి అందర్నీ పిలిచాడు. మాస్టారు ఉండాలా, పోవాలా? చేతులెత్తమంటే ఎవరూ ఎత్తరు. తమకు అక్షరాలు నేర్పినంత పని చేసిన మనిషికి వ్యతిరేకంగా పదిమందిలో చెయ్యెత్తే దమ్ము ఎవరికుంది? చీటీలన్నారు ఎవరో. చేతిరాతలు తెలిసిపోతాయన్నారు ఇంకెవరో. అప్పుడు ఎరువుల కొట్టాయన అన్నాడు, "మన పద్ధతి మనకుంది కదండీ. తువ్వాలు తీయండి."

మా మామిడి మార్కెట్ యార్డులో బేరాలు ఇప్పటికీ కొన్ని అలాగే జరుగుతాయి. కొనేవాడూ కమీషన్ ఏజెంటూ ఒక తువ్వాలు కింద చేతులు కలుపుతారు. ఎన్ని వేళ్లు పట్టుకుంటే అంత ధర. చుట్టూ నలభై మంది నిలబడ్డా, ఆ రెండు చేతులకు తప్ప మూడో మనిషికి తెలియదు. అదే ఇక్కడా. ఏజెంటును నేనే కాబట్టి చెయ్యి నాది. ఒక వేలు పట్టుకుంటే మాస్టారు ఉండాలని, రెండు పట్టుకుంటే పోవాలని. ఎవరు ఏది పట్టుకున్నారో నేను చెప్పకూడదు. చివరికి ఉండాలో పోవాలో చెప్పాలి, అంతే.

మొదలుపెట్టబోతుండగా మాస్టారే వచ్చారు. ఎవరు చెప్పారో తెలియదు. వచ్చి గడ్డిమోపు మీద కూర్చుని, "నేనూ క్లబ్బు మెంబర్నే కదరా. నాకూ చెయ్యుంది" అన్నారు నవ్వుతూ. బావ తల దించుకున్నాడు.

ఒక్కొక్కరే వచ్చారు. ఏళ్ల తరబడి బేరాలు పట్టిన చేతికి, కళ్లు మూసుకున్నా ఎదుటి చెయ్యి ఏ మనసుతో ఉందో తెలుస్తుంది. ఎరువుల కొట్టాయన రెండు వేళ్లూ నొప్పి పుట్టేలా పిండాడు. కొందరు రెండు వేళ్లను తాకీ తాకనట్టు పట్టుకుని దొంగల్లా చెయ్యి వెనక్కి లాక్కున్నారు. సీజనంతా అందరికంటే ఎక్కువ తిట్టిన మా బావ చాలాసేపు ఏమీ పట్టుకోకుండా ఉండి, చివరికి ఒకే ఒక్క వేలు పట్టుకున్నాడు. నేను తలెత్తి చూస్తే గోడ వైపు చూస్తున్నాడు.

అందరి తర్వాత మాస్టారు. ఆయన తన ఎడమ చేత్తో కుడి చేతిని ఎత్తి తెచ్చి, తువ్వాలు కింద నా చేతిలో పెట్టారు. బరువుగా, వెచ్చగా ఉంది. చిన్నప్పుడు నా మోకాలు కట్టిన చెయ్యి. నేను ఆగాను. ఆయన నా ముఖంలోకి చూస్తున్నారు.

"పట్టుకోండి మాస్టారూ" అన్నాను.

"పట్టుకున్నాను కదరా."

నా వేళ్ల మీద ఏ ఒత్తిడీ లేదు. ఏ వేలి మీదా లేదు. ఇలా అడక్కూడదని తెలిసి కూడా, "ఎన్నండీ?" అని పైకే అడిగేశాను.

"ఒకటేరా. నన్ను నేనే పొమ్మంటానా?"

అందరూ నవ్వారు. ఆ షెడ్డులో చాలా రోజుల తర్వాత ఆయనతో కలిసి నవ్వటం అదే. "తీయరా, ఇంక లెక్క చెప్పు" అన్నాడు బావ. నా చెయ్యి కదలలేదు. బావే వంగి తువ్వాలు లాగాడు.

మాస్టారి చెయ్యి నా అరచేతిలో వెల్లకిలా పడి ఉంది. వేళ్లు విచ్చుకుని ఉన్నాయి. అందరూ చూశారు. అందరికంటే ఆఖరున ఆయన చూశారు. నవ్వు ముఖం మీద ఉండగానే ఆయన కళ్లు మారిపోయాయి.

"ఇదేంట్రా?" అన్నారు. నన్ను అడుగుతున్నట్టు కాదు.

లెక్క నేను చెప్పలేదు. ఎవరూ అడగలేదు.

తెల్లారగానే బావ కారులో బెజవాడ తీసుకెళ్లాం. నేను, బావ, ఎరువుల కొట్టాయన. స్కానులు తీశారు. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. మాస్టారిని లోపల పడుకోబెట్టి మమ్మల్ని కూర్చోబెట్టింది. తలలో ఎడమవైపు గడ్డ ఉందని, చాలాకాలంగా పెరుగుతోందని చెప్పింది. అందుకే కుడి చెయ్యి, అందుకే కుడివైపు చూపూ ధ్యాసా, అందుకే మాట తడబాటు. ఆమె ఒక్కొక్కటే చెబుతుంటే నేను నేలవైపు చూస్తున్నాను.

"ఇవన్నీ ఎప్పట్నించి ఉన్నాయో ఎవరైనా చెప్పగలరా? గుర్తున్నంతవరకు చెప్పండి" అని అడిగింది.

విజిల్ సంగతి నేను చెప్పాను. తర్వాత బావ అందుకున్నాడు. మా బావకు ఆ సీజను కంఠతా వచ్చు. ఆయన్ని తీసేయాలని వాదించడానికి పోగేసుకున్నదంతా ఉంది కదా. గుడివాడ మ్యాచ్‌లో బ్యాక్‌ని తీసేయడం, ఏలూరులో మాట రాకపోవడం, గోల్‌కీపర్ పేరు, బస్సు తలుపు, గ్లాసులు, కుడివైపు తిన్న ప్రతి గోలూ. మధ్యలో తప్పితే ఎరువుల కొట్టాయన సరిదిద్దాడు. సోమవారాల్లో విన్న మాటలే, అదే వరసలో. గొంతు మాత్రం బావది కాదు.

డాక్టరమ్మ రాసుకుంటూ రాసుకుంటూ పెన్ను ఆపింది.

"ఇంత వివరంగా ఇంట్లోవాళ్లు కూడా చెప్పరండీ. ఒక్కటి కూడా వదలకుండా చూశారు మీరు. మరి ఇన్నాళ్లూ ఏమనుకున్నారు?"

బావ భుజం మీద తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. అది నిన్నటి తువ్వాలే.

"మ్యాచ్‌లు ఓడిపోతన్నాం అనుకున్నామండీ" అన్నాడు.