పెద్దబాపు విమాన నిద్ర

బాన్సువాడ బస్సులో మా పెద్దబాపు భూమారెడ్డి కునుకు తీస్తే, ఆ గురకకు పక్కవాళ్లు లేచి వెనక సీట్లకు వెళ్లేవారు. నిద్రలో ఊపిరి ఆగుతోందని తేల్చిన డాక్టర్లు, మాస్కుతో గాలినిచ్చే సీపాప్ మిషన్ వాడమన్నారు. 2007లో చెరకు రైతుల బృందంతో ఆస్ట్రేలియాకు వెళ్తూ దాన్నీ, బ్యాటరీనీ వెంట తీసుకెళ్లారు. తీరా విమానంలో అందరి ముందూ మాస్కు పెట్టుకోవడానికి సిగ్గుపడి, కళ్లు తెరుచుకుని కూర్చున్నారట.

"ఏందన్నా, ఎంతసేపని మేల్కొనుంటవ్? గా మిషన్ పెట్టుకో. ఎవడన్న నవ్వితే నేను జూస్కుంట" అని పక్క సీట్లోని దోస్తు ఆశన్న తానే పట్టీలు బిగించాడు.

పెద్దబాపు హాయిగా నిద్రపోయారు. చప్పుడే లేకపోయేసరికి ఆశన్నకు భయమేసి, దారంతా ఆయన ఛాతీ మీద చెయ్యేసి చూస్తూనే ఉన్నాడు.

ఆస్ట్రేలియా చెరకు ఎలా ఉందని ఎవరడిగినా, పెద్దబాపు ముందు ఆశన్న సంగతే చెప్పేవారు.