మూగ మెట్టు మోగిన పండగ

దయ్యాలన్నా మహిమలన్నా నాకు మొదటినుంచీ నవ్వే. ఎవరైనా దయ్యం ఉందంటే, మా ఇంటికి పంపండి, అంట్లు తోమించుకుంటా అనేదాన్ని. కాబట్టి ఇది చదివి నన్ను భక్తురాళ్ల జాబితాలో వేయకండి.

రెండువేల ఆరులో మా అన్నకు పెళ్లయింది. వదిన సలోమి సికింద్రాబాద్‌లో పియానో నేర్చుకున్న మనిషి. నాగర్‌కర్నూల్‌లో మా చర్చిలో, ఎప్పుడో దొరలు వదిలిపోయిన పియానో ఒకటుంది. దాన్ని చూడగానే వదినకు పుట్టింటివాళ్లు ఎదురొచ్చినంత సంబరం.

ఆ పియానో నడిమి మెట్లలో ఒకటి మూగది. నొక్కితే టక్కుమంటుంది, స్వరం రాదు. నేనెప్పుడూ దాన్ని తప్పించే వాయించేదాన్ని. వదిన మాత్రం దానికోసమే కొత్త సంగీతం కట్టింది. ఇద్దరం ఒకే బల్ల మీద కూర్చుని నాలుగు చేతులతో వాయించాలి. మాటలుండవు, పాత కీర్తనల వరసలుండవు. స్వరాలు రెండువైపుల నుంచీ పరుగెత్తుకొచ్చి ఆ మూగ మెట్టు దగ్గర ఆగుతాయి. దాన్ని నేను నొక్కాలి. ఒక్క ఊపిరిసేపు నిశ్శబ్దం. తర్వాత ఇద్దరం మళ్లీ ఎత్తుకోవాలి.

ఆ నిశ్శబ్దమే కొంప ముంచింది. మా సంఘంలో పాట ఆగితే ఆమెన్ అనడం అలవాటు. మొదటి ఆదివారం మేం ఆగీ ఆగగానే సంఘపెద్ద యాకోబు తాత గట్టిగా ఆమెన్ అన్నాడు. వెనకాలే అందరూ అన్నారు. పాస్టరుగారు లేచి ప్రార్థన మొదలుపెట్టేశారు. రెండోసారీ అంతే. పైగా ఒక పెద్దమ్మ వచ్చి, "మంచిగనే ఉంది గని, పాటెప్పుడు మొదలువెడ్తరు బిడ్డా?" అని అడిగింది.

ఇంటికొచ్చి నేను పడీపడీ నవ్వాను. వదిన నవ్వలేదు.

"నా పాట ఈ ఊళ్లె ఒక్కసారన్న ఆఖరిదాక వింటే చాలు" అంది.

క్రిస్మస్‌కు పాస్టరుగారు ఇంకొక్క అవకాశం ఇచ్చారు. ఈసారీ నడుమ తెగితే ఇక కీర్తనలే. ఆగినప్పుడు ఆమెన్ అనొద్దని ముందే చెబుదామంటే వదిన ఒప్పుకోలేదు. సంగీతానికి వకాల్తా ఎందుకంది.

పండగ పొద్దున చర్చి కిటకిటలాడుతోంది. వాయిస్తూ వాయిస్తూ ఆ మెట్టు దగ్గరికొచ్చాం. యాకోబు తాత నోరు తెరవడం ఓరకంట కనిపిస్తూనే ఉంది. అయిపోయింది అనుకుంటూ నొక్కాను.

మోగింది. నా వేలి కిందే, నిండుగా. వదిన గుడ్లప్పగించి నా వైపు చూసింది, చేతులు మాత్రం వేళకు మళ్లీ ఎత్తుకున్నాయి. ఎవరూ కిక్కురుమనలేదు. ఆఖరిదాకా వాయించాం. అప్పుడు చర్చంతా ఒక్కసారే ఆమెన్ అంది. వదిన నవ్వుతూనే ఏడ్చేసింది. అంత సంతోషం నాకు నా పెళ్లిలో కూడా కలగలేదు.

అందరూ వెళ్లాక మళ్లీ నొక్కి చూశాం. టక్కుమంది, అంతే. మూత తీశాం. తీగను కొట్టాల్సిన చిన్న చెక్క సుత్తి అసలు లేనే లేదు. అది ఉండాల్సిన చోట సాలెగూడు, చెదరకుండా ఉంది. పక్క తీగలు అదిరాయేమో అన్నాను. అంత గట్టిగా మోగవంది వదిన.

మా ఇద్దరి భ్రమేమోనని యాకోబు తాతను అడిగాను.

"ఆమెన్ అందామని నోరు తెరిస్తిని. గంట గొట్టినట్లు మోగె. నోట్లె మాట నోట్లెనే ఉండె బిడ్డా" అన్నాడు.

ఎట్లా మోగిందో నాకిప్పటికీ తెలియదు. ఏటా క్రిస్మస్‌కు అదే వాయిస్తాం. ఆ మెట్టు దగ్గరికి రాగానే, ఈసారన్నా మోగుతుందేమోనని చర్చంతా ఊపిరి బిగబడుతుంది. అది మళ్లీ ఎన్నడూ మోగలేదు. అక్కడ ఆమెన్ కూడా మళ్లీ ఎవరూ అనలేదు.