గోరు ఆగని గీత

గోరుగారికి ఉన్న జబ్బు ఒక్కటే. కారు మీద గీత కనపడితే చాలు, అది ఎవరి కారైనా సరే, దాని మీద బొటనవేలి గోరు అడ్డంగా లాగి చూడందే ఆయన ప్రాణం కుదుటపడదు. గోరు ఆగిందా, లోతు గీత, రంగు పెట్టాలి. ఆగలేదా, పైపైది, పాలిష్‌తో పోతుంది. ఇదీ ఆయన సిద్ధాంతం. ఆయన అసలు పేరు వీధిలో వాళ్లు మరిచిపోయి చాలా కాలమైంది.

ఈ పరీక్ష కోసమే కుడి బొటనవేలి గోరు పెంచుతారు. "ఆ గోటి మీదున్న శ్రద్ధ పిసరంత నా మీద ఉంటే నేనీపాటికి మహారాణిని" అంటారు ఆయన భార్య. ఒకసారి సిగ్నల్ దగ్గర ఎర్రదీపం పడగానే కారు దిగి, పక్క కారు తలుపు మీద గోరు లాగారు. లోపలి పెద్దమనిషి అద్దం దించాడు.

"ఏం కావాలండీ?"

"ఏమీ వద్దండి. ఆగలేదు. మీరు నిశ్చింతగా వెళ్లండి."

ఆ పెద్దమనిషి వెళ్తేగా. దీపం పచ్చబడినా కదలకుండా తన కారుకున్న తక్కిన గీతలన్నీ చూపించుకున్నాడు. వెనక హారన్లు మోగుతుంటే గోరుగారి కోడలు సీట్లో తల వంచుకుని కూర్చుంది.

ఆ కోడలికి, ఇళ్లకు వెళ్లి రోగుల చేత కసరత్తులు చేయించే ఉద్యోగం వచ్చేలా ఉంది. కారు నడపడం వస్తేనే ఇస్తామన్నారు. నేర్పుతానన్నది గోరుగారే, అదీ తన ముదురు నీలం కారు మీద. ఆ కారు మీద ఈగైనా కాళ్లు తుడుచుకునే వాలాలి. అలాంటిదాన్ని ఆమె వెనక్కి తీస్తూ, ఎడమవైపు తలుపుని గేటు స్తంభానికి బర్రున రాసేసింది.

గోరుగారు వచ్చి గోరు లాగారు. ఆగింది. ఆయన తిట్టకుండా గోరు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆమెకు అదే మరీ కష్టంగా తోచింది. తాళంచెవి బల్ల మీద పెట్టేసి, "ఇక నా వల్ల కాదు మావయ్యగారూ. ఆ ఉద్యోగానికి రానని చెప్పేస్తాను" అంది.

మర్నాడు పొద్దున్నే వాకిట్లోంచి కేక వినిపించింది. "అయిపోయింది, నేనూ గీసేశాను."

అందరూ పరుగెత్తారు. కుడివైపు తలుపు మీద మూరెడు పొడవున తెల్లటి గీత.

"అంత స్తంభం మీ కంటికి ఆనలేదా?" అన్నారు అత్తగారు.

"ఆనితే గీస్తానా? అమ్మాయి ఉద్యోగంలో చేరాక రెండూ కలిపే బాగుచేస్తా. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకండి."

అంత గీత పడినా ఆయన గోరు లాగలేదన్న సంగతి అప్పుడెవరికీ తట్టలేదు. కోడలికి నవ్వొచ్చింది. ఇంతటి మనిషే గీసుకుంటే తనదెంత అనిపించి, తాళంచెవి మళ్లీ అందుకుంది.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం పెద్ద వాన కురిసింది. వెలిశాక చూస్తే ఆమె గీత ఉన్నచోటే ఉంది, ఆయన గీత మాత్రం లేదు. పొద్దున్నకి మళ్లీ వచ్చింది, రెండు వేళ్లంత కిందగా. ఆమె అటూ ఇటూ చూసి గోరు లాగింది. ఆగలేదు సరికదా, గోట్లోకి తెల్లగా ఏదో వచ్చింది. వాసన చూస్తే ఒంటి సబ్బు. తన కారుని నిజంగా గీసుకోవడానికి పాపం ఆయనకు చేతులు రాలేదు. ఆమెకు ఆయన మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. గోరు తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు కారెక్కి కూర్చుంది.

ఉద్యోగంలో చేరాక వచ్చిన మొదటి సెలవు రోజున గోరుగారు ఎడమవైపు చేరారు. గీతని తడిపిన సన్న గరుకు కాగితంతో నెమ్మదిగా రుద్ది, పుల్ల మొనతో నీలం రంగు చుక్కచుక్కగా నింపి, ఆరాక పాలిష్ పెట్టారు. తలెత్తి చూసేసరికి కారుకి అటువైపు కోడలు తడిగుడ్డ పట్టుకుని నిలబడి ఉంది.

"మీది నేను బాగుచేసేశాను మావయ్యగారూ."

ఆయన చుట్టూ తిరిగి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, తలుపు మీద గోరు లాగారు.

"ఆగలేదు" అన్నారు గంభీరంగా. "నీకు చెయ్యి తిరిగిందమ్మా."