మిహ్రాన్ ఎడమ కన్ను

"అది సరే వదినా, ఇంతకీ ఈసారి మీవాడు ఎలా పోతాడంటావ్? కత్తిపోటా, తుపాకీ గుండా?" ద్రాక్షాకుల్లో కీమా పెట్టి చుడుతూనే అడిగింది పక్కింటి సిరానుష్.

"నీ నోరు పడిపోను! ఈసారి చావడు. ఆఖరిదాకా బతికే ఉంటాడు. సాయంత్రం సినిమా హాల్లో నువ్వే చూద్దువుగాని" అంది వర్తుహి.

కొడుకు మిహ్రాన్ ఫ్రెస్నోలో ద్రాక్షతోటలు వదిలి హాలీవుడ్ చేరి చాలా ఏళ్లయింది. తెర మీద పేరు మైక్ మారిన్. ఆ పేరు ఎవరికీ గుర్తుండదు, ముఖం మాత్రం అందరికీ తెలుసు. మెక్సికో దొంగ, ఇటలీ స్మగ్లరు, అరబ్బు వర్తకుడు, వేషం ఏదైనా సరే, సినిమా సగానికొచ్చేసరికి ప్రాణం పోవాల్సిందే.

ఆ విద్య చిన్నప్పుడే అబ్బింది వాడికి. ఎండబెట్టిన ద్రాక్ష పళ్లేలు తిరగెయ్యమంటే చాలు, తీగల మధ్య చచ్చినట్టు దభీమని పడిపోయేవాడు. వర్తుహి లబోదిబోమంటూ నీళ్లు పట్టుకుని పరిగెత్తేది. వాడేమో ఎడమ కంటి సందులోంచి అమ్మ వస్తోందా లేదా అని చూస్తుండేవాడు!

కానీ తెర మీద కొడుకు చావు మాత్రం ఆమెకు పడదు. కిందటేడు హాల్లో కెవ్వుమని అరిచి ఆటే ఆపించింది. ఇక చచ్చే వేషాలు వెయ్యనని వాడిచేత ఒట్టు వేయించుకుంది. ఇప్పుడేమో వాడి జీవితంలోకెల్లా పెద్ద వేషం వచ్చింది. రాజభవనం మెట్ల మీంచి దొర్లుకుంటూ వచ్చి చావాలి. రేపు పొద్దున్నే సినిమా కంపెనీకి జవాబు చెప్పాలి. "ఒట్టేశానుగా, వద్దంటాలే అమ్మా" అన్నాడు ఫోన్లో, నీరసంగా.

సాయంత్రం వీధి వీధంతా హాలుకెళ్లింది. మిహ్రాన్ మంగలి వేషంలో మొదటినుంచి చివరిదాకా గడ్డాలు గీస్తూనే ఉన్నాడు. అంతే. ఆట అయిపోయింది.

"ఇదేంటి పిన్నీ! వాడు చచ్చేటప్పుడు తిందామని పాప్‌కార్న్ దాచుకున్నాను" అన్నాడు కిరాణాకొట్టు గరబెద్.

"ఒక్కడైనా పొడవలేదేం వదినా?" అంది సిరానుష్.

"బతికుంటే ఏడుపా మీకు?" అని కసురుకుంది వర్తుహి. అంతలోనే ఫక్కున నవ్వేసింది. నిజం చెప్పొద్దూ, వాడి చేతిలో కత్తి మెరిసినప్పుడల్లా, ఇప్పుడైనా ఎవడో మీద పడతాడని తనూ కుర్చీ అంచుకు జరిగింది! ఎవడూ పడలేదు. వాడి ముఖం చూస్తే ఎండలో పళ్లేలు తిరగేస్తున్న కుర్రాడి ముఖమే. అచ్చం అదే విసుగు.

"ఒరే గరబెద్, పొద్దున్నే కొట్టు తెరువు. ఫోన్ కావాలి. వాడు కంపెనీవాళ్లతో మాట్లాడేలోపే నేను మాట్లాడాలి."

"ఏమంటావ్ వదినా?"

"ఒట్టు తీసి గట్టున పెట్టి, ఆ మెట్ల మీంచి శుభ్రంగా చావరా నాయనా అంటాను. ఎడమ కన్ను మాత్రం కాస్త తెరిచి ఉంచమంటాను. నేను చూస్తుంటాగా!"